నీతివాక్యములు మాత్రమే చాలునా?

మన పల్లెలలో రెండు మాటలు తరచుగా వినబడుచుండును. సంఘము వెలుపలివారు అను మాట మొదటిది: "మంచి యేదో చెడు యేదో మనుష్యునికి వాని బుద్ధియే చెప్పును, దానికి గుడియేల, దేవుడేల?" సంఘము లోపలివారు అను మాట రెండవది: "బైబిలు లేనివానికి నీతి యెక్కడిది?" మొదటి మాట విన్నప్పుడు మన విశ్వాసులు చిన్నబుచ్చుకొందురు. రెండవ మాట విన్నప్పుడు తల యూపుదురు. అయితే ఆ రెండవ మాట పలికినవాడే, కూతురి పెండ్లికి దాచిన సొమ్మును ఎవరియొద్దనైన ఉంచవలసి వచ్చినప్పుడు, సంఘములోని తన బంధువు నొద్దకు పోక, బైబిలు ఎరుగని షావుకారు నొద్దకు పోవుట కలదు. ఏలయనగా ఆ షావుకారు లెక్కలో మోసముండదని అతనికి తెలియును.

ప్రియ చదువరులారా, నీతికి ఆధారమేది? మనుష్యుని బుద్ధియా, దేవుని ప్రత్యక్షతయా? ఇది పండితులు కూర్చుండి తర్కించుకొను సంగతి మాత్రమేయని తలంపవద్దు. పట్టణములో చదువుకొని సెలవులకు ఇంటికి వచ్చిన మీ కుమారుడు మిమ్మునడుగు ప్రశ్న ఇదియే. ఎవడో ఒక బోధకుడు మీ గ్రామమునకు వచ్చి, దేవుడు నాతో మాటలాడెను, బిడ్డకు మందు మాన్పించుడని చెప్పినప్పుడు, మీరు తీర్చవలసిన ప్రశ్నయు ఇదియే.

ఈ ప్రశ్నను గూర్చి మన దేశములో బహిరంగముగా జరిగిన వాదములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఒక చిన్న పుస్తకమువలన పుట్టినది. 1820లో కలకత్తాలోని బాప్టిస్టు మిషను ముద్రాక్షరశాలలో "ప్రిసెప్ట్స్ ఆఫ్ జీసస్", అనగా "యేసు ఉపదేశములు" అను ఆంగ్ల గ్రంథము అచ్చుపడెను. దానిమీద కూర్చినవాని పేరు లేదు. అయితే కూర్చినవాడు రాజా రామమోహనరాయ్ అని త్వరలోనే అందరికిని తెలిసెను.

ఆయన నాలుగు సువార్తలనుండి యేసు ప్రభువు బోధించిన నీతివాక్యములను, ఉపమానములను ఏరి ఒకచోట కూర్చెను. కొండమీది ప్రసంగముతో ఆరంభించెను. అద్భుతములను, చరిత్ర భాగములను, సిద్ధాంత వివాదములకు తావిచ్చు వచనములను చాలవరకు విడిచిపెట్టెను. యోహాను సువార్తనుండి తీసికొనినది బహు స్వల్పము. ఇట్లు చేయుటకు కారణమును ఆయనయే పీఠికలో తెలిపెను. చరిత్ర భాగములను గూర్చి అవిశ్వాసులు సందేహము లెత్తుదురట. అద్భుతములను చెప్పినయెడల, అంతకంటె ఆశ్చర్యమైన కథలు మాయొద్దనే యున్నవని ఈ దేశస్థులు అందురట. సిద్ధాంతములను గూర్చియైతే క్రైస్తవులలోనే కలహము లున్నవి. నీతివాక్యములు అట్టివి కావు. అవి పండితునికిని పామరునికిని సమానముగా బోధపడును, మనుష్యులను దేవునియొద్దకును ఒకరియొద్దకు ఒకరిని చేర్చును. ఇది ఆయన తలంపు.

ఈ పుస్తకమును విమర్శించుటకు ముందు దానిని కూర్చినవానిని గూర్చి న్యాయముగా చెప్పుట మన విధి. రాయ్ గారు మతమును హేళన చేయువాడు కాడు. 1803-04 ప్రాంతమున ఆయన పారసీ భాషలో, అరబ్బీ పీఠికతో, "తుహ్‌ఫతుల్ మువహ్హిదీన్" అను చిన్న గ్రంథము వ్రాసెను. ఏకదేవుని నమ్మువారికి కానుక అని దాని భావము. సృష్టికి మూలమైనవాడు ఒక్కడున్నాడను నమ్మకము మనుష్యులందరికిని సహజమనియు, తక్కిన భేదములు అలవాటువలనను పెంపకమువలనను వచ్చినవనియు అందులో వాదించెను. అది బుద్ధికి పెద్దపీట వేసిన గ్రంథము. అయితే 1816లో కేనోపనిషత్తును ఆంగ్లములోనికి తర్జుమా చేసినప్పుడు పీఠికలో వేరొక సంగతి వ్రాసెను. సంప్రదాయములను చూడబోయిన అవి ఒకదానికొకటి విరోధముగా నున్నవనియు, బుద్ధిని మాత్రమే నమ్ముకొనిన అది గమ్యము చేర్చలేకున్నదనియు, ఈ రెంటిలో దేనికిని పూర్తిగా లొంగిపోక రెంటి వెలుగును వాడుకొనుచు సర్వశక్తుని దయమీద ఆనుకొనుట మేలనియు దాని సారాంశము. ఎంత నెమ్మదియైన మాట! ఇట్టి మనుష్యుడు సువార్త పుస్తకమును చేతబట్టుకొనినప్పుడు క్రైస్తవులు సంతోషింపవలసి యుండెను.

కాని జరిగినది వేరు. శ్రీరాంపూరు మిషనెరీలు ప్రచురించుచుండిన "ఫ్రెండ్ ఆఫ్ ఇండియా" పత్రికలో ఈ పుస్తకమును ఖండించుచు వ్రాతలు వెలువడెను. జాషువా మార్ష్‌మన్ గారు ముఖ్య ప్రతివాది. నీతివాక్యములను ప్రభువు వ్యక్తిత్వమునుండియు, ఆయన ప్రాయశ్చిత్తమునుండియు వేరుచేయుట సువార్తకు హానియని ఆయన వాదము. ఆ వ్రాతలలో పుస్తకమును కూర్చినవానిని అన్యుడని పేర్కొనిరి. ఏకదేవుని నమ్మి విగ్రహారాధనను విడిచిన మనుష్యునికి ఆ మాట గట్టిగా తగిలెను. రాయ్ గారు "సత్యమిత్రుడు" అను అర్థమిచ్చు మారుపేరుతో క్రైస్తవ ప్రజలకు ఒక విన్నపము వ్రాసెను. 1821లో రెండవ విన్నపము వ్రాసెను. మార్ష్‌మన్ గారి ప్రత్యుత్తరము 1822లో లండనులో పుస్తకముగా వెలువడెను. 1823లో రాయ్ గారు అంతిమ విన్నపము వ్రాయగా, ముందటి పుస్తకములను అచ్చువేసిన బాప్టిస్టు ముద్రాక్షరశాలవారు దీనిని అచ్చువేయుటకు ఒప్పుకొనలేదు. ఆయన వేరొక అచ్చుకూటమును ఏర్పరచుకొని దానిని ప్రచురించెను. వాదము నడుచుచుండగా సువార్తలను మూలభాషలలో చదువవలెనని హెబ్రీ, గ్రీకు భాషలను నేర్చుకొనెను. ఆయనతో కలిసి సువార్తలను బెంగాలీలోనికి తర్జుమా చేయుచుండిన విలియం ఆడమ్ అను బాప్టిస్టు మిషనెరీ 1821లో త్రిత్వ సిద్ధాంతమును విడిచిపెట్టగా, ఇతడు రెండవసారి పడిపోయిన ఆదామని కలకత్తా క్రైస్తవులు పరిహాసమాడిరి.

ఇప్పుడు ఎవరి వాదములో ఎంత సత్యమున్నదో చూతము.

మొదట రాయ్ గారి పక్షము. నీతిని గుర్తించు శక్తి దేవుడు మనుష్యులందరికిని ఇచ్చెననుట లేఖన విరుద్ధము కాదు. రోమా పత్రిక 2వ అధ్యాయము 14, 15 వచనములు చదివి చూడుడి. ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయములలో కూడ ధర్మశాస్త్రపు క్రియ వ్రాయబడియున్నదని పౌలు బోధించుచున్నాడు. ప్రభువు సహితము వినువారి బుద్ధిని తృణీకరింపలేదు. గోతిలో పడిన గొఱ్ఱెను విశ్రాంతి దినమున పైకి తీయరా యని ఆయన అడిగినప్పుడు, రైతు బుద్ధికి తెలిసిన న్యాయమునే సాక్షిగా పిలిచెను. మంచి సమరయుని ఉపమానము చెప్పి ముగించినప్పుడు, ఈ ముగ్గురిలో పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకునినే అడిగెను. జవాబు ఆయన చెప్పలేదు, అడిగినవానిచేతనే చెప్పించెను. మంచిని చూచినప్పుడు ఇది మంచియని గుర్తించు కన్ను ఆ మనుష్యునికి లేనియెడల, ప్రభువు అట్లు అడుగుట వ్యర్థమగును గదా?

కాబట్టి షావుకారు నిజాయితీని చూచి మనము అసూయపడ నక్కరలేదు, దానిని కాదని చెప్పుటయు తగదు. అదియు దేవుడిచ్చినదే. బైబిలు లేనివానికి నీతి లేదను మాట భక్తిగా వినబడునే గాని, అది బైబిలు మాట కాదు.

అంతేకాదు. బుద్ధిని, మనస్సాక్షిని నోరు మూయించి, "ఇది దేవుని మాట" అని మాత్రమే పట్టుకొనిన, ఎంత ఘోరము జరుగునో లేఖనములే చూపుచున్నవి. యెఫ్తా తన మ్రొక్కుబడిని పట్టుకొని తన ఒక్కగానొక్క కుమార్తెను పోగొట్టుకొనెను. దేవుడు అడుగని దానిని దేవుని పేరట చెల్లించెను. అబ్రాహామైతే సొదొమ కొరకు దేవుని ఎదుట నిలిచి, సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయకుండునా యని అడిగెను. దేవుడు ఆ ప్రశ్నకు కోపింపలేదు, ఓపికతో జవాబిచ్చెను. దేవుడు అన్యాయము చేయడను నిశ్చయత అబ్రాహాము హృదయములో అంత గట్టిగా నాటబడియుండెను. బిడ్డకు మందు మాన్పించుడని చెప్పు బోధకుని ఎదుట మన తల్లిదండ్రులకు కావలసినది ఈ అబ్రాహాము ధైర్యమే. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడని అపొస్తలుడు మనకు సెలవిచ్చియున్నాడు గదా. పరీక్షించుటకు బుద్ధిని వాడక మరి దేనిని వాడుదుము?

ఇంతవరకు రాయ్ గారితో కలిసి నడువవచ్చును. అయితే ఇచ్చట నిలిచి రెండు ప్రశ్నలు వేయవలెను.

మొదటి ప్రశ్న: గుర్తించుటయు కనుగొనుటయు ఒక్కటేనా? ఎండాకాలమున దప్పికగొని పోవువానికి బావి చూపిన, ఇది నీరని వాడు వెంటనే గుర్తించును. అంతమాత్రమున బావిని వాడు త్రవ్వెనని చెప్పుదుమా? శత్రువును ప్రేమింపుమను ఆజ్ఞ విన్నప్పుడు మన లోపల ఏదో అవునని పలుకును. కాని మన బుద్ధి తనంతట తాను అక్కడికి చేరినదా? క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున గ్రీకు దేశములో అరిస్టాటిల్ అను జ్ఞాని యుండెను. తర్కశాస్త్రమునకు తండ్రివంటివాడు. అంతటి బుద్ధిమంతుడు కొందరు మనుష్యులు పుట్టుకతోనే దాసులుగా నుండ తగినవారని వాదించి వ్రాసెను. ఆయన బుద్ధి తక్కువైనది కాదు; ఆయన చుట్టునున్న సమాజము దాసుల కష్టముమీద బ్రదుకుచుండెను. బుద్ధి దీపమువంటిది. దానిని ఎవడు పట్టుకొని నడుచునో వాడు పోదలచిన త్రోవనే అది చూపును. మన పల్లెలో సరిహద్దు గట్టును జరుపుకొన్నవాడు సహితము దానికి నాలుగు కారణములు చెప్పగలడు. నాలుగును బుద్ధికి సరిగానే తోచును.

రెండవ ప్రశ్న: వాక్యములను వాటి మూలమునుండి విడదీసిన అవి నిలుచునా? రాయ్ గారు ఏరుకొనిన కొండమీది ప్రసంగమునే తీసికొనుడి. శత్రువులను ఎందుకు ప్రేమింపవలెను? సమాజమునకు మేలనియా? మనకు శాంతి కలుగుననియా? ప్రభువు చెప్పిన కారణము అది కాదు. పరలోకమందున్న తండ్రి చెడ్డవారిమీదను మంచివారిమీదను ఎండయు వానయు కురిపించుచున్నాడు గనుక మీరును ఆయన పిల్లలవలె ఉండుడని ఆయన కారణము. అనగా ఆ నీతివాక్యపు వేరు తండ్రి స్వభావములో నున్నది. తండ్రి యెట్టివాడో ఎవడైన వచ్చి తెలియజేసిననే గాని ఆ ఆజ్ఞకు ఆధారము లేదు. రాయ్ గారు తండ్రిని విడువలేదు. అది ఆయన గొప్పతనము. కాని ఆ తండ్రి స్వభావము పూర్తిగా కనబడిన స్థలమును, అనగా శత్రువులచేత సిలువవేయబడి వారి కొరకు ప్రార్థించిన ఘడియను, వాదములకు తావిచ్చు చరిత్ర భాగములలో చేర్చి ప్రక్కన పెట్టెను. శత్రువులను ప్రేమింపుమను మాట నిలిచినది, శత్రువులను ప్రేమించినవాని కథ తొలగినది. పాఠము మిగిలెను గాని గురువు కనబడకపోయెను.

దీనికి రాయ్ గారియొద్ద జవాబు లేకపోలేదు. మనుష్యుడు ఆజ్ఞ మీరిన యెడల పశ్చాత్తాపపడుట చాలుననియు, దేవుడు క్షమించుననియు ఆయన చెప్పెను. తప్పిపోయిన కుమారుని ఉపమానమును చూపెను. నిజమే, ఆ ఉపమానములో తిరిగి వచ్చిన కుమారుని తండ్రి ఏ షరతును లేక చేర్చుకొనెను. కాని ఆ ఉపమానమును మన పల్లె కన్నులతో చదువుడి. తన వంతు భూమిని తండ్రి బ్రదికియుండగానే పంచుకొని, అమ్ముకొని, పాడుచేసికొని వచ్చిన కుమారునికి మన రచ్చబండ ఏమి తీర్పు తీర్చును? గడప త్రొక్కనీయవద్దని చెప్పును. అది బుద్ధి చెప్పు న్యాయము. ఇంటనున్న పెద్ద కుమారుడు చెప్పిన న్యాయమును అదియే. ముసలి తండ్రి పరుగెత్తి యెదురు వెళ్లునని ఏ తర్కమును నిరూపింపలేదు. పరుగెత్తిన తండ్రిని చూచినవాడు చెప్పిననే మనకు తెలియును. దానినే ప్రత్యక్షత యందుము. పశ్చాత్తాపపడుమని మనస్సాక్షి చెప్పగలదు. పశ్చాత్తాపపడి వచ్చినవానికి తలుపు తెరచియున్నదని మనస్సాక్షి చెప్పలేదు. అప్పు తీర్చలేక రాత్రివేళ కంటిమీద కునుకు లేని మనుష్యునికి, అప్పు తీర్చుట ధర్మమను సంగతి తెలియకపోలేదు. అతనికి కావలసినది ఆ ధర్మమును మరల వినుట కాదు.

ఈ విషయములో మార్ష్‌మన్ గారు చూచినది సత్యము. అయితే ఆయన పక్షమున జరిగిన లోపములను దాచుట మనకు తగదు. దేవుని ప్రేమ ప్రత్యక్షమైనదని వాదించుచు ఎదుటివానిని అన్యుడని పిలిచిరి. సిద్ధాంతమును నిలుపుట కొరకు కలమెత్తి, ఆ సిద్ధాంతములోని మర్యాదను విడిచిరి. ముద్రాక్షరశాల తలుపు మూయుటయు మంచిది కాదు. అది వారి సొంత యంత్రము, వారి యిష్టమనవచ్చును. కాని సత్యమందు విశ్వాసము గలవాడు ప్రశ్నకు జంకడు. మిషను ముద్రాక్షరశాలలో అచ్చుపడు పత్రికను చేతపట్టుకొనియున్న మనము ఈ సంగతిని మరింతగా జ్ఞాపకముంచుకొనవలెను.

మరియొక అపాయమున్నది. సిద్ధాంతము సరిగానున్న చాలును, నీతి దానంతటదే వచ్చునని తలంచుట. 1833లో కలకత్తా బిషప్పు డానియేల్ విల్సన్ గారు దక్షిణదేశపు సంఘములకు ఉత్తరము వ్రాసి, సంఘములో కులభేదమును వెంటనే విడువవలెనని ఆజ్ఞాపించిరి. తంజావూరు ప్రాంతమున అనేకులు సంఘమునైనను విడిచిరి గాని కులమును విడువలేదు. వారు విశ్వాస ప్రమాణమును కంఠస్థము చేసినవారే. ప్రత్యక్షత వారి యింట బల్లమీదనే యుండెను. ఇది పాత సంగతియని మనము తప్పించుకొనగలమా? మన సంఘములలో ప్రభు బల్లయొద్ద ఒకే గిన్నెలోనిది త్రాగి, పిల్లల పెండ్లి మాటలు వచ్చినప్పుడు గోత్రము ఊరు అడుగువారు లేరా? అట్టివారికి రాయ్ గారి చిన్న పుస్తకము, అందులో సిలువ కథ లేకపోయినను, గొప్ప గద్దింపు.

ఇంకొక సంగతి. ఈ రెండు పక్షములవారు వాదించుకొనుచున్న దినములలోనే, విధవలను భర్త చితిమీద కాల్చు సహగమనమును మాన్పించుటకు రెండు పక్షములవారును పాటుపడుచుండిరి. శ్రీరాంపూరు మిషనులో మార్ష్‌మన్ గారి సహోదరుడైన విలియం కేరీ గారు 1799లో ఆ ఘోరమును కన్నులార చూచి, నాటినుండి దానికి విరోధముగా పోరాడిరి. రాయ్ గారు 1818లో దానిని ఖండించుచు పుస్తకము ప్రచురించి, శాస్త్రములనుండియే అది విధి కాదని చూపిరి. 1829 డిసెంబరు 4న బెంటింక్ గారి ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ శాసనమును బెంగాలీలోనికి తర్జుమా చేసినవాడు కేరీ గారే. తర్జుమాకై కాగితము చేతికి వచ్చినది ఆదివారమున. ఒక్క దినము ఆలస్యమైనను ఎందరి ప్రాణములు పోవునో యని ఆయన ఆనాటి ప్రసంగమును వేరొకరికి అప్పగించి కలము పట్టెనని చెప్పుదురు. బుద్ధి ఒక త్రోవను, ప్రత్యక్షత ఒక త్రోవను నడిచి ఒకే చితియొద్ద కలిసికొనెను. రెండును ఒకే దేవునియొద్దనుండి వచ్చినవి కానియెడల అట్లు కలియునా?

రాయ్ గారి బ్రహ్మసమాజపు భావములు తరువాత మన తెలుగుదేశమునకును వచ్చెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగము గారిని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి కాకినాడలో వేలమంది విద్యార్థులకు శీలమును బోధించిన రఘుపతి వేంకటరత్నము నాయుడు గారిని ఎరుగనివారు లేరు. ఇట్టివారి జీవితములను చూచి, క్రీస్తు వెలుగు సంఘపు గోడలు దాటి ప్రకాశించినందుకు దేవుని స్తుతింపవలెను. అందుచేత గోడల లోపలివారికి లెక్క తప్పదని కూడ తెలిసికొనవలెను.

కాబట్టి నీతికి ఆధారమేదని కుమారుడు అడిగినప్పుడు మీరిట్లు చెప్పవచ్చును. మంచి యనునది దేవుడు తోచినట్లు నేడొకటి రేపొకటి నియమించునది కాదు. దేవునికి పైనుండి ఆయనకే ఆజ్ఞ యిచ్చు మరియొక ధర్మమును లేదు. మంచి ఆయన స్వభావమే. ఆయన పోలికలో చేయబడిన మనుష్యునికి దానిని గుర్తించు బుద్ధి నిచ్చెను; ఆ బుద్ధి స్వార్థమువలన మసకబారగా, క్రీస్తునందు తన స్వభావమును మన కన్నులయెదుట నిలిపెను. బుద్ధిని కాదనువాడు దేవుడిచ్చిన కన్నులను మూసికొనుచున్నాడు. ప్రత్యక్షతను కాదనువాడు కన్నులు తెరచి చీకటిగదిలో కూర్చుండుచున్నాడు.

సంఘ పెద్దలకు ఒక మనవి. మీ గృహ కూటములలో మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయములను వారమునకు కొన్ని వచనములచొప్పున చదువుడి. క్రైస్తవులు కాని పొరుగువారు కోరినయెడల వారిని కూడ కూర్చుండనియ్యుడి. ప్రతి భాగము తరువాత రెండు ప్రశ్నలు వేయుడి. ఇది మంచిదని మన మనస్సాక్షి ఒప్పుకొనుచున్నదా? ఒప్పుకొనియు చేయలేకున్న మనకు ఈ మాట చెప్పినవాడు ఏమి చేసెను? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుటలో పొరుగువారు మనకంటె ముందుండవచ్చును, దానికి సిగ్గుపడవద్దు. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మనది. ఆ జవాబు మన లెక్కల పుస్తకములోను, పొలము గట్టునను, పెండ్లి మాటలలోను చదువబడునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక.